రెండు బర్నర్ల షబ్బాతు

మొన్న గురువారం మా చెల్లెలి కూతురు, గుంటూరు దగ్గరున్న మా పేట నుంచి, నా ఫోనుకు ఒక వీడియో పంపింది. మా ప్రార్థన మందిరంలో చాపలు పరిచి ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టారు. వాళ్ళ ముందు, ఏదో దూరదేశం నుంచి వచ్చిన ఒక చక్కటి ఆవిడ నిలబడి, శుక్రవారం సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తే ఆడదాని ఆత్మ ఎలా కొత్త చిగురు వేస్తుందో ఇంగ్లీషులో చెబుతుంటే, మా పిల్ల పక్కన నిలబడి తెలుగులో వినిపిస్తోంది. ఆ వేళకు ఫోను కట్టెయ్యాలట, పనులన్నీ పక్కన పెట్టాలట, వేణ్ణీళ్ళ స్నానం చేసి మంచి చీర కట్టుకుని ఆ వెలుగు ముందు కాసేపు ఊరికే కూర్చుంటే వారం అలసటంతా చేత్తో తీసేసినట్టు పోతుందట. ఆఖర్న తలా రెండు బ్యాటరీ కొవ్వొత్తులు పంచింది. ఇక్కడ ఒమన్‌లోని నిజ్వాలో, నేను వంట చేసే ఇంటి వెనక గదిలో, రేపటి బంధువుల భోజనానికి ఉల్లిపాయలు తరుగుతూ అదంతా చూశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నేరమంతా ఉల్లిపాయలదే కాదు, ఒళ్ళు మండిపోయింది.

పనులన్నీ పక్కన పెట్టమంటోందే ఆ తల్లి, పక్కన పెట్టిన ఆ పనులు ఎత్తుకునేది ఎవరో ఎప్పుడైనా చూసిందా? పాతికేళ్ళుగా ఒమన్‌లో ఇళ్ళల్లో వాటిని ఎత్తుకుంటున్నది నేనూ, నాలాంటివాళ్ళూ. ఇక దీపం పెట్టడం మాకు ఆవిడ కొత్తగా నేర్పడమంటారా, తాతకు దగ్గులు నేర్పినట్టుంది. కొవ్వొత్తులు కొనలేని వారాల్లో మా అమ్మ రెండు ప్రమిదల్లో ఆముదం పోసి, మిరప కోతల నుంచి వచ్చి ఆ మండే చేతులనే మొహానికి అడ్డం పెట్టుకుని దీవెన చదివేది. ఆవిడ ఆత్మ చిగురు వేసిందో లేదో మేము అడగలేదు, మాకు మాత్రం ఆ సాయంత్రం ఇల్లు ఇల్లులా ఉండేది.

అవును, మేము యూదులం. తెలుగు యూదులేమిటని మీరు నొసలు చిట్లించకండి, అలా చిట్లిన నొసళ్ళు చాలా చూశాను. మా పేటవాళ్ళు చర్చికి వెళ్ళినన్నాళ్ళూ పాలపొడి కోసం వెళ్తున్నారన్నారు, ఇటు వచ్చాక యూదుల దేశానికి విమానం ఎక్కడం కోసమన్నారు. మేము దేవుడి కోసం ఏదైనా చేయగలమని ఒక్కడికీ తోచలేదు. మా తాతలకు ముందునుంచీ ఉన్నదే ఇది అని మా పెద్దవాళ్ళు చెప్పేవారు, నేను దాన్ని పట్టుకునే పెరిగాను. శుక్రవారం పొద్దు గుంకిన దగ్గర్నుంచి శనివారం పొద్దు గుంకేదాకా మా విశ్రాంతి దినం, అదే షబ్బాతు. నాకు తెలిసిన షబ్బాతు చాలా చిన్నది. శుక్రవారం పొద్దు గుంకకముందే రెండు దీపాలు వెలిగించాలి, వాటి మీద చేతులు మూడుసార్లు మొహంవైపు తిప్పుకుని, కళ్ళు మూసుకుని దీవెన చదవాలి. పొద్దు గుంకాక నిప్పు రాజెయ్యకూడదు, ఉన్న నిప్పు ఆర్పకూడదు. వెలిగిన దీపం దానంతటదే కొండెక్కాలి.

ఇంట్లో మగదిక్కు పోయిన రెండో ఏడు నేను సలాలాకు ఇంటిపనికి వచ్చాను. కొబ్బరితోటల పక్కన పెద్ద ఇల్లు. ఇంటి యజమానురాలిని మేమంతా మామా అని పిలిచేవాళ్ళం, ఇక్కడ అందరూ అలాగే పిలుస్తారు. మీకు ఆదివారం సెలవెలాగో ఇక్కడివాళ్ళకు శుక్రవారం అలాగ. పెళ్ళయిన కూతుళ్ళు, మరుదులు, వాళ్ళ పిల్లలు అందరూ దిగుతారు, మధ్యాహ్నం పెద్ద పళ్ళేల్లో అన్నం, సాయంత్రం టీలూ పలహారాలూ, రాత్రికి మళ్ళీ వంట. అంటే లోకానికంతటికీ సెలవు వచ్చిన రోజునే మాకు నడుం విరిగే డ్యూటీ. విశ్రాంతి దినంలో నాకు విశ్రాంతి ఒక్కటే తక్కువ. అందుకే దీపం పెట్టే ఆ కాస్త వేళను మాత్రం ఎవరికీ ఇవ్వకూడదని మొండిపట్టు పట్టాను. తక్కినదంతా ఆ ఇంటిది, ఆ కాసేపు నాది.

నాతో గది పంచుకున్నది గోదావరి జిల్లా ఆవిడ, ఆ ఇంటి వంటమనిషి. నన్ను వదినా అనేది. ఆవిడకు శుక్రవారం లక్ష్మీదేవి రోజు. కిటికీ గట్టు మీద చిన్న ఇత్తడి కుందిలో ఒత్తి వేసి వెలిగించుకునేది. నేనూ శుక్రవారమే, నేనూ సాయంత్రమే, పైగా రెండు వెలిగించడం చూసి ఆవిడ పొంగిపోయింది. మాది వేరమ్మా అని నేను మొత్తుకున్నా, ఎవరి దేవుడి పద్ధతి వారిదిలే అని కొట్టిపారేసేది. నా దీపం ఆమె దీపంలో కలిసిపోతుందేమోనని నాకు లోపల పీకుతూనే ఉండేది. ఎక్కడికి వెళ్ళినా మమ్మల్ని ఇంకొకరి పేరుతో పిలిచేవాళ్ళేనాయె.

సలాలాలో వానాకాలాన్ని ఖరీఫ్ అంటారు. రెండు నెలలు కొండలన్నీ పచ్చబడి ముసురు పట్టి ఉంటుంది, సూర్యుడు మొహం చూపించడు, ఆ చల్లదనం కోసం మస్కట్ నుంచీ, అటు పక్క దేశాలనుంచీ చుట్టాలు వచ్చి పడతారు. ఎండ లేనిదే పొద్దు గుంకడం ఎలా తెలుస్తుంది? మసీదులో సాయంత్రం నమాజుకు పిలిచే బాంగు వినిపించేసరికి పొద్దు గుంకే ఉంటుంది, అప్పుడు నిప్పు ముట్టకూడదు. వచ్చిన కొత్తల్లో ఒక శుక్రవారం అలాగే బాంగు విని, అగ్గిపుల్ల చేతిలో పట్టుకుని ఏడ్చాను. తర్వాత వంటింటి గోడకున్న నమాజు వేళల క్యాలెండరు చూసి, దానికి బాగా ముందే వెలిగించడం అలవాటు చేసుకున్నాను.

ఆ ఖరీఫ్‌లోనే ఆ గొడవ జరిగింది. మామా ఆడపడుచు ఇస్త్రీ పెట్టె కోసం వెతుక్కుంటూ మా గది తలుపు తోసింది. ఆ వేళకు నేను రెండు కొవ్వొత్తుల మీద చేతులు తిప్పుతూ, కళ్ళు మూసుకుని, ఆవిడకు తెలియని భాషలో గొణుగుతున్నాను. ఆవిడ సిహర్, సిహర్ అని ఒక్క అరుపు అరిచింది. సిహర్ అంటే చేతబడి. గల్ఫ్‌లో ఇంటిపని చేసినవాళ్ళందరికీ తెలిసిన మాట అది. పసిపిల్లకు జ్వరం వచ్చినా, మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకున్నా, పనిమనిషి చేతబడి చేసిందంటే చాలు, పోలీసు స్టేషనే గతి. ఆ తర్వాత విమానం ఎక్కించి పంపేస్తారు. నిమిషంలో గుమ్మం నిండా జనం. ఏమని చెప్పను? నేను ఫలానా అని చెబితే తగ్గే గొడవా అది? ఇంకా పెరిగే గొడవ.

గోదావరి ఆవిడ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చి నా ముందు నిలబడింది. "సలా, మామా, సలా. హింది సలా," అంది, తనకు వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో, ఇది మా ఇండియా వాళ్ళ ప్రార్థన అని. తన కుందిని చూపించింది, నా కొవ్వొత్తులను చూపించింది, రెండూ ఒకటేనని రెండు వేళ్ళు జోడించి చూపించింది. లక్ష్మి పటం కూడా పెట్టె అడుగు నుంచి తీసి చూపించింది. మామా రెండూ చూసి, ప్రార్థనైతే చేసుకోండి కానీ గదిలో నిప్పు కనబడకూడదని తేల్చింది. ఆడపడుచు నా కొవ్వొత్తులు నలిపి బయట బురదలో పారేసింది. గోదావరి ఆవిడ కుంది, అగ్గిపెట్టె కూడా పోయాయి.

మీరైతే నన్ను కాపాడిన ఆ వంటమనిషికి చేతులెత్తి మొక్కేవారేమో. నాకు మాత్రం కోపం వచ్చింది. ఆ చేతబడి అన్నదాని మీద వచ్చినదానికన్నా ఈవిడ మీదే ఎక్కువ వచ్చింది. నా దీపానికి పేరు మార్చి బతికించిందే, అలా బతకడానికైతే మా పేటలో అన్ని మాటలు ఎందుకు పడ్డాం? ఆ వారమంతా ఆమెతో మాట్లాడలేదు. చివరికి ఆమే పలకరించింది.

"నన్నేం చెయ్యమంటావొదినా? నిన్ను పంపేత్తే నీ పిల్లలు ఏం తింటారు?"

"నాకు పేరు ముఖ్యం."

"సరేలే. పేరు నువ్వే పెట్టుకో, మంట సంగతి నేను చూత్తాను."

తర్వాతి శుక్రవారం పొద్దు గుంకడానికి ముందు నన్ను వంటింట్లోకి పిలిచింది. పెద్ద గ్యాసు పొయ్యి మీద చివరి రెండు బర్నర్లు ఖాళీగా ఉంచింది. వంటింట్లో నిప్పు ఉండకూడదని ఏ మామా అనలేదు కదా అంది. ఒకదానికి టీ గిన్నె, ఒకదానికి పప్పు గిన్నె పక్కన సిద్ధంగా పెట్టి, లైటరు నా చేతికిచ్చి, గుమ్మానికి అడ్డంగా నిలబడి చుట్టాల పిల్లల్ని గట్టిగా కసురుతూ ఉండిపోయింది. నేను రెండు బర్నర్లు వెలిగించి, ఆ నీలిమంటల మీద చేతులు తిప్పుకుని, కళ్ళు మూసుకున్నాను. మటన్ వాసన, లోపల్నుంచి టీవీ మోత, ఎవరో టీ ఏదని అరుపు. అంత గోలలోనూ నాకు మా అమ్మ ఆముదం దీపాలే కనిపించాయి. ఆత్మ కొత్తదవడమంటే అదేనేమో, ఆ వీడియో ఆవిడే చెప్పాలి.

కళ్ళు తెరిచేసరికి గిన్నెలు మంట మీదికి ఎక్కేశాయి. దేవుడి దీపం మీద టీ కాచినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను, నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. అసలు తిప్పలు తర్వాత వచ్చాయి. టీ మరిగేసరికి పొద్దు గుంకిపోయింది, నా చేయి అలవాటుగా పొయ్యి మీదికి పోతే, ఆవిడ టక్కున పట్టుకుంది. మీకు ఆర్పకూడదు కదా వదినా అంటూ తనే తిప్పింది. ఎప్పుడో మొదట్లో, గదిలో, నేను మాటవరసకు చెప్పిన ముక్క అది. నేను సాయం అడగలేదు. అలా అడిగి చేయించుకోవడం కూడా మాకు తప్పేనని ఆమెకు చెప్పలేదు. ఆ రోజునుంచి నేను ఆ ఇంట్లో ఉన్నన్నేళ్ళూ, ప్రతి శుక్రవారం ఆ రెండు బర్నర్లూ వెలిగించడం నా పని, కట్టెయ్యడం ఆమె పని. ఆర్పుతున్నానని ఒక్కనాడూ అనలేదు. కొండెక్కిస్తానొదినా, నువ్వు తప్పుకో, అనేది.

మోకాళ్ళ నొప్పులతో ఆవిడ ఇంటికి వెళ్ళిపోయాక నేనూ ఆ ఇల్లు మానేశాను. మధ్యలో ఇబ్రిలో కొన్నాళ్ళు చేసి, ఇప్పుడు నిజ్వాలో ఉన్నాను. ఈ ఇంటి మేడం చిన్నది, చదువుకున్నది. నా గదిలో కొవ్వొత్తులు పెట్టుకోమంది, ఒకసారి మాల్ నుంచి వాసనవేసేవి తనే కొనుక్కొచ్చింది. అన్నీ సుఖంగానే ఉన్నాయి, మరి ఎవరిమీద ఈ కోపమని మీరడగవచ్చు. గోదావరి ఆవిడ చాలాకాలం ఫోను చేసింది. శుక్రవారం అక్కడ దీపాలవేళకు, అంటే ఇక్కడ ఇంకా బోలెడంత ఎండ ఉండగానే, పొయ్యి వెలిగించావా వదినా అని అడిగేది. వాళ్ళ కోడలు దేవుడి గదిలో కరెంటు దీపం పెట్టించిందనీ, అది ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుందనీ, తనకు ఆ గదిలో పనే లేకుండా పోయిందనీ ఒకసారి చెప్పింది. ఇప్పుడు ఆ నెంబరు పలకడం లేదు.

నిన్న శుక్రవారం మా పిల్ల ఫోను చేసింది. నేను కొవ్వొత్తులు వెలిగిస్తుండగా చిన్న వీడియో తీసి పంపాలట, ఆ వచ్చినావిడ తన దేశంలో చూపిస్తుందట. పొద్దున్నే తీసి పంపినా పరవాలేదట. పొద్దున పూట షబ్బాతు దీపమేమిటే, నాటకమా అని కసిరాను. పాపం, దానికి నా కోపం అర్థం కాలేదు. బ్యాటరీ కొవ్వొత్తులు నాక్కూడా రెండు దాచిందట, వచ్చేవాళ్ళ చేత పంపిస్తానంది.

"చాలా ఈజీ పెద్దమ్మా. కింద స్విచ్ ఉంటది. ఎవరి సాయం అక్కర్లా, నువ్వే ఆపుకోవచ్చు."

ఫోను పెట్టేసి, పొద్దు ఉండగానే గదిలో నా కొవ్వొత్తులు వెలిగించి, కళ్ళు మూసుకుని, తెరిచి, వంటింట్లోకి వెళ్ళాను. చుట్టాలు వచ్చి కూర్చున్నారు. వెనక బర్నరు మీద టీ పొంగుతోంది. బాంగు అయిపోయింది. నా చేయి పొయ్యి దాకా వెళ్ళి కాసేపు ఆగింది. లోపల్నుంచి టీ ఏదని ఎవరో కేకేశారు. నేనే కట్టేశాను.