హైఫన్ అని చదివిన డాష్

మామగారి ప్రెస్సు వెనకగదికి కిటికీ ఉంది కానీ, దానికి అడ్డంగా కాగితం బండిళ్ళు పేర్చడంతో పట్టపగలు కూడా లైటు వెలగాల్సిందే. ఒక్క వారం పనే కదా అనుకుని కోడలు ఆ గదిలో కూర్చుంది. మామగారికి చూపు మందగించింది. ప్రూఫులు చదివి వినిపించే గుమాస్తా గొంతు ఆయనకు పడలేదు. "మా అమ్మాయి చదివితే మళ్ళీ కళ్ళొచ్చినట్టుంటుంది" అని వచ్చినవాళ్ళందరికీ ఆయన చెప్పుకోవడంతో ఆ వారం కాస్తా ఏళ్ళకేళ్ళు సాగింది.

మాటలు చదివితే సరిపోదు, గీతలు కూడా పైకి చదవాలి.

"పగలు-రాత్రి అన్నప్పుడు రెండింటినీ జతచేసేది హైఫన్ అమ్మా, చిన్నగీత. చెబుతూ చెబుతూ ఆగి ఇంకో సంగతి ఎత్తుకుంటే డాష్, పొడుగుగీత. ఒకదాని చోట ఇంకోటి పడితే చదివేవాడు అక్కర్లేని చోట ఆగుతాడు" అనేవారు మామగారు.

ఇంతలో ఆమె స్నేహితురాలు ఊరి చివర మొక్కల నర్సరీ పెట్టింది. "నమ్మకమైన మనిషి కావాలే, వచ్చెయ్" అంది. ఎండా గాలీ తగిలే పని! కోడలికి ప్రాణం లేచొచ్చింది. భర్తతో చెబితే, "నాన్నతో నేను అనలేను బాబూ, నువ్వే చెప్పుకో" అని తప్పుకున్నాడు. మామగారి ముందు నోరు తెరవబోయినప్పుడల్లా ఆయన, "నువ్వు లేకపోతే ఈ ప్రెస్సు ఎప్పుడో మూతపడేది" అనేవారు. ఆమె నర్సరీ మాట ఎత్తకుండానే ప్రూఫు చేతిలోకి తీసుకునేది.

చివరికి తప్పుగా చదవడం మొదలుపెట్టింది. విసుగొచ్చి ఆయనే వద్దంటారని ఆశ.

కాగితం మీద "డాక్టరు వచ్చాడు — ఆలస్యంగా" అని ఉంది. ఆమె "డాక్టరు వచ్చాడు, హైఫన్, ఆలస్యంగా" అని చదివింది.

"అక్కడ డాష్ కదమ్మా ఉండాలి?"

"హైఫనే ఉందండీ."

ఇంకో నాలుగు చోట్ల అలాగే చదివేసరికి ఆయన ముఖం ఎర్రబడింది. కానీ కోపం కోడలి మీద కాదు, కంపోజింగ్ చేసే ఆవిడ మీద. పిలిచి చెడామడా తిట్టారు. "నేను డాషే కొట్టానండీ" అంటూ ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

కోడలు ఇక చూడలేకపోయింది. "ఆవిడ తప్పేం లేదు మామయ్యగారూ. కావాలనే నేను తప్పు చదివాను."

 ఆయన పకపకా నవ్వారు.

"నాకే పరీక్ష పెట్టావన్నమాట! ముసలాడి చెవులు పనిచేస్తున్నాయో లేదో చూద్దామనా? నీలాంటి పట్టుదల మావాడికేదీ? నా తర్వాత ఈ గది నీదేనమ్మా!"

"అది కాదండీ, నేను..."

ఆయన అప్పటికే బయటకు కేకేసి, ఈ ముచ్చట కొడుక్కి చెబుతున్నారు. కంపోజింగ్ ఆవిడ కళ్ళు తుడుచుకుని, కోడలి వంక చూడకుండా వెళ్ళిపోయింది.

ఎన్నాళ్ళు చూసినా కోడలు రాకపోవడంతో నర్సరీలో ఇంకెవరో చేరారు. ఆ సంగతి తెలిసిన రోజునే భర్త మెత్తటి దిండున్న కొత్త కుర్చీ మోసుకొచ్చి వెనకగదిలో వేశాడు.

"ఇక ఎంతసేపు కూర్చున్నా నడుం నొప్పెట్టదు. బాగుందా?" అన్నాడు సంబరంగా.

"బాగుందండీ" అంటూ ఆమె తర్వాతి ప్రూఫు అందుకుంది.