రాట్నం పిడికి కట్టిన గుడ్డ

నా భార్య నూలు కండెలు చుట్టిన రాట్నాన్ని, ఆమె పోయాక, సూరత్‌లో ఒక స్థానిక చరిత్ర సంఘం నడిపే చిన్న మ్యూజియానికి ఇచ్చాను. ఉన్నది ఉన్నట్లు భద్రపరుస్తామని వారు రాసిచ్చిన రసీదు నా ఫైలులో ఉంది. గత చలికాలంలో దాన్ని చూడాలనిపించి, నేనుండే కోసాడ్ నుండి ఒంటరిగా వెళ్లాను.

రాట్నానికి వార్నిష్ పూశారు. పిడికి గుడ్డ లేదు. అరచేయి ఒరుసుకుపోతోందని ఆమె తన నీలిరంగు చీర కొంగు చింపి కట్టుకున్న గుడ్డ అది. నాకు తెలియకుండానే అడ్డుతాడు దాటి పిడి పట్టుకున్నాను. కాపలాదారు ఈల వేశాడు. హాలులో అందరూ నావైపు తిరిగారు. గుమ్మం దగ్గర నా పేరు రాసుకున్న తెలుగమ్మాయి పరుగున వచ్చింది.

"ముట్టొద్దు తాతా. బోర్డు కనిపిస్తలేదా?"

"ఇది నా భార్యది బిడ్డా. పిడికి గుడ్డ ఉండాలె, ఏది?"

"అదా? మురికిగున్నదని సఫాయిల పడేసిన్రు. గట్ల గుస్సా కాకు తాతా. ఇంకో గుడ్డ తెచ్చియ్యి, నేనే కడ్త."

సందర్శకుల పుస్తకంలో రెండు పేజీల ఫిర్యాదు రాసి, సంతకం చేసి వచ్చాను.

ఇంటికి రాగానే పెట్టె తెరిచాను. కొంగు చిరిగిన ఆ నీలి చీర అందులోనే ఉంది. కత్తెర పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. కోయనా వద్దా అని అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. చివరకు చేతులు రాక చీరను మళ్లీ మడతపెట్టాను.

నా ఫిర్యాదుకు వారు జవాబివ్వలేదు. ఆ అమ్మాయి అడిగిన గుడ్డను నేనూ ఇవ్వలేదు. అక్కడ ఆ పిడి ఇప్పటికీ బోసిగానే ఉంది.