సముద్రం అడుగున నేను వేసిన తీగ

ఆ రోజుల్లో ఫోను మనిషి జేబులో ఉండేది కాదు, మనిషే ఫోను పక్కన పడి ఉండేవాడు. ఇప్పుడు మా అమ్మాయి "నాన్నా, ఆ ఫోన్ కాసేపు కింద పెట్టి అన్నం తిను" అని విసుక్కున్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఈ జబ్బు నాకు నిన్నో మొన్నో వచ్చింది కాదు. ఎనభైల్లో, నూజివీడులో, మా పెదనాన్న మామిడి మండీలో, బల్లకి కట్టేసిన గేదెలా ఉండే ఒక నల్లటి ఫోను దగ్గర అంటుకుంది. అప్పటికి నాకు ఇరవయ్యేళ్ళు కూడా నిండలేదు. పుట్టి పెరిగింది మద్రాసు. డిగ్రీ పరీక్షలు రాసి, ఫలితాలు వచ్చేలోపు ఏం చెయ్యాలో తోచక ఇంట్లో అందరితోనూ వరసపెట్టి గొడవపడ్డాను. (పాలవాడితో రెండుసార్లు పడ్డాను, పాలు బాగానే ఉన్నా.) మా నాన్న విసిగిపోయి, "కొన్నాళ్ళు చెట్ల గాలి పీల్చు, ఒళ్ళు చల్లబడుతుంది" అని నన్ను రైలెక్కించేశాడు. మామిడి కోతల కాలం నూజివీడులో ఒళ్ళు చల్లబడటం ఏమిటో మా నాన్నకే తెలియాలి.

పెదనాన్న మొదట నన్ను ఆగిరిపల్లి దగ్గరి తోటకి పంపాడు. కాయలు కోసే చిక్కం కర్ర చేతికిస్తే కాయకంటే ముందు గూడు రాలింది, గూడుతోపాటు ఎర్రచీమలు నా చొక్కాలోకి రాలాయి. మర్నాటి నుంచి నన్ను మండీలో ఫోను దగ్గర కూర్చోబెట్టారు. బుక్ చేసిన ట్రంకు కాల్ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి దాని దగ్గర ఎవడో ఒకడు ఉండాలి, నాకంటే ఖాళీగా ఉన్నవాడు ఆ జిల్లాలో లేడు. కూర్చుంటే కాళ్ళు ఊరుకునేవి కావు. రిసీవరు చెవికి ఆనించుకుని, తీగ ఎంత దూరం సాగితే అంత దూరం నడిచి, వెనక్కి నడిచి, మళ్ళీ నడిచేవాణ్ణి. గంపల్లో వరిగడ్డి పరిచి కాయలు సర్దే ఆడవాళ్ళు నాకు 'హలోబాబు' అని పేరు పెట్టేశారు. వాళ్ళలో ముసునూరు నుంచి వచ్చే పెద్దామె ఒకావిడ ఉండేది, అందరూ ముసునూరమ్మ అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది ఆవిడే.

అసలు నాకు అక్కడ భాషే అర్థమయ్యేది కాదు. తెలుగు రాక కాదు. వెళ్ళిన రోజే పెదనాన్న కేక విన్నాను: "ఆ కలెక్టర్లని ఎండలోంచి తీసి లోపలెయ్యండి, కుళ్ళినవి అవతల పారెయ్యండి." నేను అదిరిపడి లేచి నిలబడ్డాను. కలెక్టరు అంటే అక్కడ ముక్కు వంపు తిరిగిన పొడుగు మామిడికాయ అని, దోరగా ఉన్నప్పుడు ఉప్పూ కారం అద్దుకుని తింటే దాని ముందు ఏదీ ఆగదని తరవాత తెలిసింది. ఓసారి "ఆ మామిడికాయ ఒకటి ఇలా ఇవ్వండి" అన్నాను. ముసునూరమ్మ మండీ అంతా కలయజూసి, "ఏ మామిడికాయ బాబూ? ఇక్కడ మీరూ నేనూ తప్ప అన్నీ మామిడికాయలేగా" అంది. ఆడవాళ్ళంతా గడ్డి మీద పడి నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు నుంచి మామిడికాయ అనే మాట నా నోట రాకుండా జాగ్రత్తపడ్డాను. రసాలు, బంగినపల్లి, కలెక్టర్లు, అంతే. నూజివీడులో పుట్టినవాడికంటే ఎక్కువ నూజివీడువాడిలా మాట్లాడసాగాను. కొంప ముంచింది ఆ గొప్పే.

పెదనాన్న కూతురు, అంటే మా అక్క, పోర్ట్‌బ్లెయిర్‌లో కాపరం చేస్తోంది. బావగారికి అక్కడ ఓడల ఆఫీసులో ఉద్యోగం. అక్కకి ఏడో నెల. తొలికాన్పుకి పుట్టింటికి తీసుకురావాలి, ఎనిమిదో నెల పడితే ఓడ ఎక్కనివ్వరు, బావగారికి చూస్తే ఆఫీసరు సెలవివ్వడం లేదు. పెద్దమ్మ అన్నం దగ్గర కూర్చుని కూడా దాని గురించే మాట్లాడేది. "పిల్లని ఎట్టాగూ రానివ్వట్లేదు. నోరు చప్పగా ఉంది, మన తోట కలెక్టరు కాయ తినాలనుంది అని రాసింది. అదన్నా దాని నోట్లో పడాలిగా" అని ఒక గంప నిండా దోరకాయలు తనే ఏరి, గడ్డి పెట్టి కుట్టించింది. మండీ లారీలో గంప మద్రాసు వెళ్ళింది. ముసునూరమ్మ మరిది ఓడ వంటగదిలో పనిచేస్తాడు, అతని చేతికి అందింది. ఓడ శుక్రవారానికి పోర్ట్‌బ్లెయిర్ చేరుతుంది. అక్కడ ఎవరూ వచ్చి దించుకోకపోతే, గంప ఏ గోడౌన్లోనో పడి మగ్గిపోతుంది. ఉత్తరం రాద్దామా అంటే, ఆ ఉత్తరం కూడా అదే ఓడలో వెళుతుంది. టెలిగ్రాం ఇద్దామన్నాడు పెదనాన్న. పెద్దమ్మ గయ్యిమంది. "కడుపుతో ఉన్న పిల్ల ఇంటికి టెలిగ్రాం ఏంటండీ, గుమ్మంలోనే గుండాగిపోద్ది. మన హలోబాబు ఉన్నాడుగా, ఫోన్లో చెబుతాడు."

అలా ఆ గంప భారం నా నెత్తిన పడింది. కాల్ బుక్ చేశాను. లైను లేదు. మళ్ళీ చేశాను. ఎక్స్చేంజి పక్క వీధిలోనే ఉండేది. నా అరుపులు భరించలేక ఆపరేటరమ్మ ఒకసారి, "కొంచెం నెమ్మదిగా అండీ, మీ గొంతు ఫోనుతో పనిలేకుండానే ఇక్కడికి వినపడతంది" అంది. నేను రిసీవరు ఠపీమని పెట్టి, అది రాకపోతే ఎలాగని మళ్ళీ తీసి, నడుస్తూ ఉన్నాను. అప్పుడు ముసునూరమ్మ గడ్డి సర్దుతూ అడిగింది. "నాకు తెలీకడుగుతా హలోబాబూ, అంత సముద్రంలో తంతి స్తంభాలు ఎట్టా పాతారు?"

నాకు తెలియదు. ఆ ముక్క చెబితే సరిపోయేది. కానీ మద్రాసులో పెరిగినవాణ్ణి, రోజూ సముద్రం చూసినవాణ్ణి, అంతమంది ముందు తెలియదని ఎలా అంటాను? "స్తంభాలేంటి? సముద్రం అడుగున తీగ వేశారు. మద్రాసు బీచిలో మొదలవుద్ది. నేను చూశాగా" అన్నాను.

"ఎంత లావుంటది?"

"బావి మోకంత."

"తడిస్తే షాకు కొట్టదా?"

"రబ్బరు తొడుగు ఉంటుంది."

"మరి చేపలు కొరకవూ?"

"కొరుకుతాయి" అన్నాను. నోరు దానంతటదే వెళ్ళిపోతోంది. "అందుకేగా లైను దొరకట్లేదు."

పెద్దమ్మ గుమ్మంలోంచి వింటోందని నేను చూడలేదు. అప్పట్నుంచి నాకు మనశ్శాంతి లేదు. కాఫీ తెస్తూ ఒకసారి, మంచినీళ్ళు తెస్తూ ఒకసారి, "ఆ ఆపరేటరమ్మని అడగరా, చేపల్ని తోలటానికి ఎవరన్నా ఉంటారేమో" అనేది. నేను అడగనంటే, తనే రిసీవరు లాక్కుని అడిగేసింది. అవతల నుంచి ఏం వచ్చిందో గానీ పెద్దమ్మ తృప్తిగా తలూపి, "సముద్రం సంగతి తర్వాతంట, ముందు మద్రాసు దాకా లైను దొరకాలంట" అని నాకు చెప్పింది.

బుధవారం మధ్యాహ్నం లైను దొరికింది. గంట మోగగానే ఎగిరి అందుకున్నాను. పెద్దమ్మ పరిగెత్తుకొచ్చి నా భుజం పట్టుకుని నిలబడింది. అవతల బావగారు లేరు, ఏదో పక్క దీవికి లాంచీలో వెళ్ళారట. ఎత్తింది ఆయన ఆఫీసరే. తమిళాయన. నా ప్రాణం లేచొచ్చింది, తమిళం నాకు వచ్చుగా. హోరు, గరగర, మధ్యలో ఎవరో ఈల వేస్తున్నట్టు శబ్దం. నేను మండీ అదిరిపోయేలా తమిళంలో అరిచాను. శుక్రవారం ఓడలో కృష్ణా జిల్లా నుంచి కలెక్టర్ వస్తోందని, మా బావగారిని జెట్టీ దగ్గరికి పంపమని చెప్పాను.

"కలెక్టరా? ఒక్కరేనా?" అన్నాడాయన.

"ఒక్కటేంటి సార్, పాతిక దాకా ఉంటాయి. గంప నిండా." ('గంప నిండా' అన్నది సముద్రం మింగేసింది.)

"పాతిక మందా? ట్రైనింగా?"

నాకు 'మార్నింగా' అని వినిపించింది. "అవును సార్, అవును. ఎండ తగలకుండా చూడమనండి, త్వరగా మెత్తబడిపోతాయి."

"బస ఎక్కడ?"

"మా అక్క వాళ్ళింట్లో సార్, మంచం కింద" అంటుండగా 'మంచం కింద' కూడా సముద్రంలో కలిసిపోయింది. పెద్దమ్మ నా చొక్కా లాగుతోంది. "అమ్మాయి అన్నం తింటందో లేదో అడగరా. ఒక్క మాట అడుగు." నేను చెయ్యి విదిలించి మళ్ళీ హలో అనేసరికి లైను తెగిపోయింది. పెద్దమ్మ రిసీవరు వైపు చూసి, "చేపే" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తరవాత గంప చేరిందో లేదో తెలియదు. మళ్ళీ లైను దొరకలేదు. నేను తీగ పొడుగునా తిరిగి తిరిగి నేల మీద గడ్డి నలిగిపోయింది. పెద్దమ్మ మొహం చూడలేక, ఒకరోజు నేనే ఎక్స్చేంజికి వెళ్ళి ఆపరేటరమ్మతో దెబ్బలాడి వచ్చాను, దేనికో ఆవిడకీ తెలియలేదు, నాకూ తెలియలేదు.

ఓ ఉదయం మండీ ముందు రిక్షా ఆగింది. ముందు బావగారు దిగారు, తరవాత మెల్లిగా, నడుం పట్టుకుని, అక్క. పెద్దమ్మ చేతిలో చెంబు అలాగే వదిలేసింది. అక్క నన్ను చూసి పలకరించకుండానే నవ్వడం మొదలుపెట్టింది. మెట్టు మీద కూర్చుని, ఆయాసపడుతూ, ఆపుకోలేక నవ్వింది.

"ఏరా, పాతికమంది కలెక్టర్లని ఓడెక్కించావంటగా?"

శుక్రవారం జెట్టీ మీద ఆఫీసరు పూలదండలతో, కొబ్బరిబోండాలతో, ఎక్కడో అడిగి తెచ్చిన బస్సుతో నిలబడ్డాడట. బావగారు తూర్పుగోదావరి వైపు మనిషే అయినా పుట్టి పెరిగింది భిలాయిలో, ఆయనకీ కలెక్టర్ అంటే కలెక్టరే. ముందురోజు ఆఫీసు నుంచి ఇంటికొచ్చి, "మీ జిల్లా కలెక్టర్లు మనింట్లోనే దిగుతారట" అని చెమటలు కక్కారట. అక్కకి మాట వినగానే నోట్లో నీళ్ళూరాయి. విషయం తెలిసీ పెదవి విప్పలేదు, ఉప్పూ కారం పొట్లం కట్టుకుని తనూ జెట్టీకి వెళ్ళింది. ఓడంతా దిగిపోయింది. కలెక్టర్లు లేరు. చివరికి ముసునూరమ్మ మరిది నెత్తిన గంపతో దిగి, "నూజివీడు కలెక్టర్లు ఎవరికండీ?" అని కేకేశాడు.

"ఆఫీసరు గారి చేతిలో దండ అలాగే ఉండిపోయింది" అన్నారు బావగారు. "నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. ఈవిడేమో అక్కడే కాయ కోసి, ఉప్పూ కారం అద్ది ఆయన చేతిలో పెట్టింది. తిన్నాడు. ఇంకో ముక్క అడిగాడు. మూడో ముక్క తింటూ, ఇంతమంది కలెక్టర్లు సిఫార్సుకి వస్తే నేనెలా కాదంటాను, తీసుకెళ్ళు అమ్మాయిని అన్నాడు."

పెద్దమ్మ అక్క గడ్డం పట్టుకుని, "అన్నం తింటన్నావా?" అని అడిగింది. ఫోన్లో నేను అడగని మాట, అప్పటిదాకా దాచుకుని అడిగింది.

అండమాన్‌కి మన మాటలు వెళ్ళేది గాల్లోంచేనని, ఆ రోజుల్లో మద్రాసు నుంచి అటు సముద్రంలో ఏ తీగా లేదని నాకు చాలా ఏళ్ళకి తెలిసింది. తెలిసినా ఎవరికీ చెప్పలేదు. బంగాళాఖాతంలో వాయుగుండం అని రేడియోలో వస్తే చాలు, పెద్దమ్మ "తీగ జాగ్రత్త" అనేది. ఈమధ్య కొన్నేళ్ళ కిందట నిజంగానే మద్రాసు నుంచి ఆ దీవుల దాకా సముద్రం అడుగున కేబుల్ వేశారు. ఆ వార్త ఫోన్లో చదివి నేను కుర్చీలో ఆగలేకపోయాను, ఇల్లంతా తిరిగాను. అప్పుడు జెట్టీ నుంచి అక్క కడుపులో తిరిగొచ్చిన మేనల్లుడు ఇప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉద్యోగం చేస్తున్నాడు. నూజివీడు వెళ్ళినప్పుడు వీడియో కాల్‌లో వాడి మొహం పెద్దమ్మకి చూపించి, కొత్తగా తీగ వేశారు పెద్దమ్మా, అందుకే ఇంత బాగా కనిపిస్తున్నాడు అన్నాను. ఆవిడకి తొంభై దగ్గరపడ్డాయి. కళ్ళద్దాలు సర్దుకుని మనవడి బుగ్గ మీద, అంటే నా ఫోను మీద, వేలితో నిమిరింది. తరవాత నా వైపు తిరిగింది.

"కొత్తదేంట్రా? నువ్వు చూసిన పాత తీగ ఏమైంది?"

తీగలేని ఫోను చేతిలో పట్టుకుని, అలవాటు కొద్దీ గుమ్మం దాకా నడిచి, వెనక్కి వచ్చాను.

"అరిగిపోయింది పెద్దమ్మా. అప్పట్లో నేను మరీ అరిచేశానుగా."

"అదే అనుకున్నా" అంది పెద్దమ్మ.