లోపలికి పీక్కుపోయిన నూనె డబ్బా

"యాడ వేసి కొట్టినావే దీన్ని?" అంది అత్త.

"నేను కొట్టలేదత్తా. దానంతట అదే అట్ల పోయింది."

"అవునులే, గాలి వచ్చి గుద్దింటాది. కొత్త డబ్బాను ఒక్క పూటలో ఇట్ల చేసినదానివి, డోనులో కాపురం ఏం చేస్తావు?"

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా ఆయనకు డోన్ రైల్వేలో పని. పెళ్లయి ఏడాదైనా నేను కడపలో అత్త దగ్గరే ఉన్నాను. రెండు రోజుల సెలవు మీద వచ్చి, ఈసారి నన్ను వెంట తీసుకుపోతానన్నాడు. ఆ మాట కోసం ఎన్ని నెలలు ఎదురు చూశానో నాకే తెలుసు.

ఆయనతో నూనె పంపడానికి కొన్న రేకు డబ్బా అది. రేకు వాసన పోవాలని మరిగే నీళ్లు పోసి, గిలకొట్టి వంపేశాను. దుమ్ము పడితే మళ్లీ కడగాలి, కట్టెలు దండగ. అందుకని లోపల పొగలు ఉండగానే మరమూత బిగించాను. చల్లారినాక వచ్చి చూస్తే రెండు పక్కలూ పస్తున్న మనిషి బుగ్గల్లా ఉన్నాయి.

నేను చదివింది మూడో తరగతి. మా నాయన ఎండాకాలం సైకిలు బయట పెట్టేవాడు కాదు. "ఎండకు లోపలి గాలి ఉబ్బుతాదమ్మా, ట్యూబు పగులుతాది" అనేవాడు. వేడికి ఉబ్బేది చల్లారితే తగ్గదా అనుకున్నాను. ఆవిరి నీరై, గాలి చల్లబడి, లోపల ఒత్తిడి తగ్గితే బయటి గాలే రేకును నొక్కుతుందని శానా ఏళ్లకు మనవరాలి పుస్తకంలో చూశాను.

మూత విప్పితే బుస్సుమని గాలి లోపలికి పోయింది. మళ్లీ బిగించి, మధ్యాహ్నం బండ మీద ఎండలో పెట్టాను.

"ఏమప్పా, నీ పెండ్లాం డబ్బాకు ఎండ వైద్యం చేస్తాంది చూడు" అంది అత్త కొడుకుతో.

కాసేపటికి టంగుమని ఒక పక్క బయటికి వచ్చింది, కొంతసేపటికి రెండోది. ఒక మడత మాత్రం పోలేదు.

అత్త వేలితో తట్టి చూసింది. "సరేలే, నువ్వు కొట్టలే."

"అయితే నేను పోతానత్తా?"

"ఇంత తెలివి ఉండేదాన్ని యాడికి పంపేది? చింతపండంతా గింజ తీయకుండా ఉండాది. అది అయినాక చూద్దాం."

ఆయన నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. తర్వాత డోనులో పదేళ్లు కాపురం చేశాను గానీ, ఆయన లేని ఈ రోజుల్లో గుర్తొచ్చేది ఆ చూపే.

మరుసటి పొద్దున ఆయన ఒక్కడే స్టేషనుకు పోయాడు. నేను అత్త పక్కన కూర్చుని చింతపండు కొట్టాను.