ఉప్పటి బెల్లం

అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఇంతవరకు చాలామంది చాలా ఘోరాలు చేశారు. తోటి మనిషి తలకాయను రుచి చూసినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. కంగారు పడకండి, ఇద్దరం బతికే ఉన్నాం.

అప్పట్లో మా బావ బెల్లం కొట్లో సరుకు చూసి కొనే పని నాది. దిమ్మ రంగు చూడాలి, గోటితో గీకాలి, నాలిక్కి రాసుకోవాలి. చిక్కల్లా ఆ మొదటి పనితోనే. ఎవర్ని చూసినా ముఖం ఉండాల్సిన చోట బొటనవేలితో నలిపేసినట్టు మసక. చెవులు మాత్రం శుభ్రంగా కనిపించేవి. విశాఖలో కళ్ళ డాక్టరుగారు, "పోయిన చూపు కళ్ళజోడుతో రాదు. ఉన్న చూపుతో పని చేసుకోవడం నేర్పుతాం" అని, లైటున్న భూతద్దం ఒకటి, తెల్లటి మడత కర్ర ఒకటి ఇప్పించారు. రెండింటినీ బీరువాలో పెట్టి తాళం వేశాను. చూపు తగ్గింది నాకు, సాయం అందింది బీరువాకి.

"ఆ అద్దం జేబులో ఎట్టుకెళ్తే ఏటైపోతారండీ?" అనేది మా ఆవిడ.

"అద్దం ఎట్టి బెల్లం సూత్తే బజారంతా నవ్వదేటే? బావకి తెలిత్తే ఈ పని ఉంటాదా?"

ఆ రోజు మునగపాక నుంచి సూరప్పడు మామ సరుకు తెచ్చాడు. దిమ్మల వరస చివర గొంతుక్కూర్చుని, మోకాళ్ళ మీద తల వాల్చి కునుకు తీస్తున్నాడు. ఎండకని కప్పుకున్న గోనెపట్టా మెడ మీదికి జారిపోయింది. మామ నెత్తిన వెంట్రుక అన్నది లేదు.

దిమ్మలన్నీ చూసుకుంటూ వచ్చాను. ఆఖరిది నున్నగా, గుండ్రంగా, ధగధగ మెరుస్తోంది.

"ఏం రంగు బావా! బంగారం!" అని కాటా దగ్గరున్న బావకి వినబడేలా అరిచి, ప్రేమగా నిమిరాను. గీకాను. నాలిక్కి రాసుకున్నాను.

"థూ! ఉప్పగా ఉందేటి? కొబ్బరినూని వాసనోటి! కల్తీ బావా, కల్తీ! ఎవడిదీ సరుకు?"

సరుకు లేచి నిలబడింది.

"నాదేరా! పుట్టిన కాణ్ణించీ నాదే!" అన్నాడు మామ నెత్తి తడుముకుంటూ. "కునుకు తీత్తే గీకి నాకేత్తావేట్రా?"

అద్దం పెడితే బజారు నవ్వుతుందని భయపడ్డవాణ్ణి, అద్దం లేకుండానే బజారుకి పొట్ట చెక్కలయ్యేలా చేశాను. కలాసీలు బస్తాలు దించేసి మరీ నవ్వారు. బావ ఒక్కడే నవ్వలేదు.

"ఎన్నాళ్ళయిందిరా కనబడక?"

డాక్టరూ, అద్దం, బీరువా... అన్నీ కక్కేశాను. పని ఊడిందనుకున్నాను.

బావ గడ్డం గోక్కున్నాడు. "ఉప్పనీ, కొబ్బరినూననీ సరిగ్గానే సెప్పేవు కదరా. నాలిక్కేటీ రోగం లేదు. రేపట్నుంచి ఆ అద్దం తెచ్చుకుంటేనే కొట్లో అడుగెట్టు. లేపోతే ఆ బీరువానే పన్లో ఎట్టుకుంతాను!"

మర్నాడు అద్దం జేబులోకి, కర్ర చేతిలోకి వచ్చాయి. బజారు కొన్నాళ్ళు వింతగా చూసి, విసుగెత్తి మానేసింది. సూరప్పడు మామ మాత్రం నా కర్ర చప్పుడు వినబడితే చాలు, నెత్తిన తువ్వాలు కప్పుకుని, "ఇది అమ్మకానికి కాదొరేయ్!" అని కేకేస్తాడు.

కాబట్టి, అచ్చమైన బెల్లం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట అద్దం పెట్టి చూడనిదే ఏ దిమ్మనూ గీకను, గీకినా, అది ఊపిరి పీలుస్తోందేమో కనుక్కోనిదే నాకను. చెయ్యి వేసింది బెల్లం మీదేనా అని మీకు అనుమానం రావచ్చు. ఈసారి అద్దం పెట్టి చూసుకున్నాను.