అతిథులున్న రోజు చూసి

మొన్న మా ఊరు నోవై దాటి పొలాల మధ్య డ్రైవ్ చేస్తుంటే పేడ వాసన గుప్పుమంది. "అబ్బా, అద్దం ఎత్తు!" అన్నాడు మా ఆయన మురళి. నేను ఎత్తలేదు. ఆ వాసన తగిలితే నాకు వసుంధర గారు గుర్తొస్తారు. ఆ వెంటనే ఆవిడ భర్త రఘురాం గుర్తొస్తాడు, ఒళ్ళు మండిపోతుంది. ఆ మనిషిని గారు అనబుద్ధి కాదు నాకు.

వసుంధర గారు నా మొదటి బాస్. కార్ల బ్రేకులు డిజైన్ చేసే ఆఫీసులో కొత్తగా చేరిన రోజుల్లో, మీటింగులో అన్నిటికీ తలూపేసి, బాత్‌రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చేదాన్ని. ఒకరోజు ఆవిడ కంట పడ్డాను. "ఇక్కడ ఏడిస్తే ఎవరికి వినపడుతుందమ్మా? నచ్చకపోతే అక్కడే, అందరి ముందే చెప్పు. తర్వాత చెబితే చాడీ అంటారు" అన్నారు. ఓదార్పు కాదది, తిట్టే. ఆ తిట్టే నన్ను మనిషిని చేసింది.

కొన్నాళ్ళకు ఆవిడ ఉద్యోగం మానేసి, భర్తతో కలిసి పాడి ఫారం పెట్టారు. కాగితాలన్నీ ఆయన పేరున, చాకిరీ అంతా ఆవిడది. ఒక వేసవిలో ఫోన్ చేశారు. "ఉషా, ఓ మోటార్‌హోమ్ అద్దెకు తీసుకుని వచ్చెయ్యండి. మా వాకిట్లోనే ఆపుకోవచ్చు. తినడం, పడుకోవడం, అంతే."

నిజంగానే హాయిగా గడిచింది. ఇల్లులాంటి ఆ బండి నీడన మడత కుర్చీలు వేసుకుని కబుర్లు చెప్పుకునేవాళ్ళం. మా పాప దూడలకు సీసాతో పాలు పట్టేది. ఓ ఆవు ఈనితే, "జున్ను, జున్ను!" అని మురళి గోల పెట్టాడు. "ముందు దూడ తాగాలి, తర్వాతే మీరు" అన్నారు ఆవిడ. మిగిలిన పాలతోనే మిరియాలు దండిగా వేసి వండిపెట్టారు. "ఈ పెయ్యలన్నీ వచ్చే ఏడు పాలకొస్తాయి. అప్పుడు చూద్దువు నా కొట్టం" అని మురిసిపోయారు.

మర్నాడు పొద్దున్నే పెద్ద పెద్ద లారీలు వచ్చి ఆగాయి. ఆవిడ మాకు కాఫీలు అందిస్తున్నారు.

"ఆవుల్ని అమ్మేశాను" అన్నాడు రఘురాం, మురళి వైపు చూస్తూ. "ఇక నావల్ల కాదు బాబూ. ఫ్లోరిడాలో ఇల్లు కూడా చూసేశా."

ఆవిడకు ఆ మాట తెలియడం అదే మొదలు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆయన్ని చూశారు, మమ్మల్ని చూశారు. "మురళీ, షుగర్ సరిపోయిందా?" అన్నారు.

ఆవులు అరుస్తూ లారీలెక్కుతుంటే, ఆవిడ పాలు పితికే షెడ్డు కడుగుతూ కూర్చున్నారు. నేను వెనకే వెళ్ళాను. "మేడమ్, అడగండి! లారీలు ఇంకా కదల్లేదు."

"మీరున్నారుగా" అన్నారు.

"మేముంటే ఏం?"

"ఇంటికొచ్చిన వాళ్ళ ముందు మొగుణ్ణి నిలదియ్యనని ఆయనకు తెలుసు. 'పాపం ఉష అలసిపోయింది, రమ్మను, రమ్మను' అని నెలరోజులు నా వెంటపడ్డాడు. నీ మీద ఎంత ప్రేమో అనుకున్నా."

మా సెలవులు, మా కుర్చీలు, మా పాప నవ్వులు, అన్నీ ఆవిడ నోటికి అడ్డం పెట్టడానికే పనికొచ్చాయి. ఏం మనిషండీ! మధ్యాహ్నం ఆవిడ మాకు పప్పు, వేపుడు వండిపెట్టారు. కొసరి కొసరి వడ్డించారు కూడా. ఇప్పుడు ఫ్లోరిడాలో ఉంటారు. ఎప్పుడు ఫోన్ చేసినా స్పీకర్లోనే మాట్లాడతారు, పక్కన ఆయన దగ్గు వినిపిస్తుంది.

పోయిన నెల మా ఇంటికి స్నేహితులు భోజనానికి వచ్చారు. మురళి నవ్వుతూ, "డాలస్‌లో జాబ్ ఓకే చేసేశాను. సమ్మర్‌కల్లా మూవ్ అవుతున్నాం" అన్నాడు. ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. చేతిలో గరిటె కింద పెట్టాను.

"నన్నడిగావా?" అన్నాను.

అందరూ కంచాల్లోకి తలలు దించుకున్నారు.

"ఉషా, వాళ్ళు వెళ్ళాక మాట్లాడుకుందాం" అన్నాడు.

"వాళ్ళుండగానే" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాను.