తెరవని మాత్రల పట్టీ

"...ఆవిడ సంచీలోంచి ఏం తీసి పోయిస్తోందో ఎవరు చూశారు? ఆ సీసా ఇంట్లోకి వచ్చినప్పట్నుంచే నాన్న ఇలా అయిపోయాడంటే నమ్మవేంటమ్మా!"

"మెల్లగా మాట్లాడవే. ఆవిడ వచ్చే వేళయింది."

"రానీ! నాకేం భయమా?"

ఆవిడ అప్పటికే గుమ్మం బయట చెప్పులు విప్పుతోంది. రోజులు దగ్గరపడిన రోగుల ఇళ్ళకు వెళ్ళి నొప్పి, ఆయాసం చూసే నర్సు. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. తోటి నర్సులు 'కొలతమ్మ' అంటారు, టీలో పంచదార కూడా సిరంజితోనే వేసుకుంటుందని. ఇలాంటి మాటలు ఆమెకు కొత్త కాదు. ఎవరైనా తనను అనుమానిస్తే నొచ్చుకోదు. తనూ అందర్నీ అనుమానిస్తుంది.

రోగి ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. క్యాన్సర్ వెన్నెముకలోకి పాకింది. రెండు చేతులతో మంచం పట్టె బిగించి పట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు. పది రోజులుగా మార్ఫిన్ ద్రవం తాగుతున్నా నొప్పి తగ్గలేదని, మోతాదు రెట్టింపు చెయ్యమని పొద్దున్నే డాక్టరు ఫోన్‌లో చెప్పాడు.

ఆమె ముందు సీసా చూసింది. తను అంటించిన గుర్తు పట్టీని బట్టి మందు ఎంత తగ్గాలో అంతే తగ్గింది. గోడమీది కాగితంలో డోసు పోసినప్పుడల్లా పెట్టే పెన్సిల్ టిక్కులు రోజుకు ఆరు, ఒక్కటీ వంకర లేదు. లెక్క అంత చక్కగా ఉండటమే ఆమెకు నచ్చలేదు.

"విరేచనం ఎలా అవుతోందమ్మా?"

"రోజూ పొద్దున్నే, గడియారం కొట్టినట్టు!" అంది రోగి భార్య సంబరంగా. "మీరిచ్చిన మాత్రల అవసరమే పడలేదు."

విరేచనం మాత్రల పట్టీ కిటికీలో తెరవకుండానే ఉంది. మార్ఫిన్ మలబద్ధకం తెస్తుంది; అది తాగే మనిషికి ఆ మాత్రలు లేకుండా అంత సాఫీగా కావడం కొలతమ్మ ఎన్నడూ చూడలేదు. టార్చి వేసి కళ్ళు చూసింది. మార్ఫిన్ పడితే చిన్నవి కావాల్సిన కంటిపాపలు చిన్నవి కాలేదు. మందు లోపలికి వెళ్ళడం లేదు. ఇప్పుడు మోతాదు రెట్టింపు చేశాక, ఏ పూటో అలవాటులేని ఒంట్లోకి నిజంగానే వెళితే?

ఆమె చూపు కూతురి మీదికి మళ్ళింది.

"మందు ఎవరు పోస్తారు?"

"అమ్మే. నన్ను సీసా తాకనివ్వదు. మీరిద్దరూ ఒకటేగా!"

"ఇప్పుడు డోసు వేళయింది. పాత మోతాదే, నా ముందు పొయ్యండమ్మా."

భార్య సిరంజిలోకి మందు లాగింది. సరిగ్గా గీత దగ్గరే ఆపింది. "వంటింట్లో కలుపుకొస్తాను."

"ఇందులో కలిపేదేం లేదు. ఇక్కడే పొయ్యండి."

మందు నాలుకకు తగలగానే రోగి మొహం వంకర తిరిగింది. "ఛీ! ఇదేంటే, ఇంత చేదు? రోజూ తియ్యగా ఉండేదిగా!"

కూతురు నర్సువైపు చూసింది. నర్సు తల్లివైపు చూస్తోంది.

"మొదటి రోజు తాగి సాయంత్రం దాకా లేవలేదు," అంది తల్లి, సిరంజి వదలకుండా. "నేను పిలిస్తే, ఎవరు నువ్వు అన్నట్టు చూశారు. మా అక్కకీ చివర్లో ఇదే పోశారు, మూడో రోజుకే పోయింది. అందుకే సింకులో పారబోసి పంచదార నీళ్ళు పట్టించాను. మీకు మాట రాకూడదని టిక్కులు పెట్టాను."

"మీ అక్కను తీసుకెళ్ళింది జబ్బమ్మా, మందు కాదు. ఆ మగత రెండు మూడు రోజులుంటుంది. తర్వాత మీతో మాట్లాడతారు."

నర్సు డాక్టరుకు ఫోన్ చేసి జరిగింది చెప్పింది. రెట్టింపు వద్దని, పాత మోతాదుతోనే మళ్ళీ మొదలుపెడతామని ఒప్పించింది. తర్వాత వెళ్ళకుండా మంచం పక్కనే కూర్చుంది.

ముప్పావు గంటకు రోగి వేళ్ళు పట్టెను వదిలాయి. కళ్ళు తెరిచి ముగ్గురినీ వరసగా చూశాడు.

"ఇకనుంచి మందు అమ్మాయి పోస్తుంది," అన్నాడు భార్యతో. "దానికి ఎవరి మీదా నమ్మకం లేదు, సరిగ్గా కొలుస్తుంది. నువ్వు నా పక్కన కూర్చో."